సాగర్‌లో బోటు, బోటులో వాన

హైదరాబాద్‌లో ఎంత వాన పడిందని ఎవరడిగినా ముందుగా చెప్పేది బేగంపేట లెక్కే. అమీర్‌పేట, పంజాగుట్టలకు బేగంపేట పక్క పేటే కాబట్టి ఆ లెక్క ఇక్కడివాళ్లకు ఇంచుమించు సొంత లెక్క. 2000 ఆగస్టు 24న అక్కడి వర్షమాపకం 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్లు చూపించింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతలో 19 సెంటీమీటర్లు దాటింది. ఈ అంకెలు మనకు సెల్లార్లలో మునిగిన బైకులుగా, అమీర్‌పేట మైత్రీవనం ముందు ఆగిపోయిన బస్సులుగా గుర్తుంటాయి. వాటినే కాస్త పక్కకు తీసుకెళ్దాం. పంజాగుట్ట నుంచి రాజ్‌భవన్ రోడ్డు మీదుగా నెక్లెస్ రోడ్డు చేరితే హుస్సేన్‌సాగర్ ఒడ్డు వస్తుంది. అక్కడ పైకప్పు లేని చిన్న మోటారు బోటు ఒకటి జెట్టీకి కట్టి ఉంది, 2000 నాటి ఆ వానంతా దాని మీద కురిసింది అనుకోండి. తెల్లారేసరికి బోటు తేలుతూ ఉంటుందా?

లెక్క సులువుగానే మొదలవుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. అయిదు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు ఉన్న బోటు ముందు కొన సన్నబడుతుంది కాబట్టి వాన పట్టే జాగా సుమారు 8 చదరపు మీటర్లు. 241.5ని 8తో గుణిస్తే 1,932 లీటర్లు. దాదాపు రెండు టన్నులు. బోటూ ఇంజనూ కలిపి నాలుగైదు వందల కిలోలు ఉంటే ఎక్కువ.

ఇంత బరువు మీద పడ్డ బోటు ఎంత కుంగుతుంది? ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం అది మరో 1,932 లీటర్ల చెరువు నీటిని పక్కకు నెట్టాలి. నీటిమట్టం దగ్గర బోటు విస్తీర్ణం కూడా అటూఇటూగా ఆ 8 చదరపు మీటర్లే. కాబట్టి కుంగేది 24 సెంటీమీటర్ల చిల్లర. అంటే పడిన వాన ఎంతో, దిగిన లోతు అంతే! బోటు పెద్దదయితే ఎక్కువ వాన పడుతుంది, కానీ ఎక్కువ నీటిని పక్కకు నెడుతుంది కూడా. చివరికి రెండూ కొట్టేసుకుంటాయి. కాగితం మీద వేస్తే తప్ప నమ్మబుద్ధి కాని లెక్క ఇది. బోటు యజమానికి దీనితో ఒక సౌకర్యం ఉంది. వాతావరణ కేంద్రం రేపు పది సెంటీమీటర్ల వాన అంటే, తన బోటు అంచు నీటికి పది సెంటీమీటర్లు దగ్గరవుతుందని అప్పటికప్పుడే చెప్పుకోవచ్చు.

పక్కగోడలు నీటి పైన అర మీటరు ఉంటాయి కదా, 24 సెంటీమీటర్లు పోతే ఏం, అనిపిస్తుంది. చూడాల్సింది పక్కల్ని కాదు, వెనకని. చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్లను తగిలించే వెనకగోడ ఎత్తు సాధారణంగా 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్లు. ఫ్యాను నీళ్లలో సరైన లోతున తిరగాలంటే గోడ అంతకన్నా ఎత్తుండకూడదు. అందులో 15 సెంటీమీటర్లు మామూలుగానే నీళ్లలో ఉంటాయనుకుంటే పైన మిగిలేది 23. వాన 24. ఇంజన్ ముందు చిన్న తొట్టిలాంటి అర కట్టి ఈ గండం నుంచి తప్పించే బోట్లు ఉన్నాయి. లేనివాటిలో గోడ నీటికి దిగినాక చెరువంతా లోపలికి రావడానికి దారి దొరికినట్టే.

నిజానికి అంత వాన కూడా అక్కర్లేదు. బోటు సమంగా కుంగుతుందని పై లెక్కలో అనుకున్నాం. ఇంజన్, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు అన్నీ వెనకే ఉంటాయి కాబట్టి వాన నీరు కూడా అటే జారుతుంది. జారిన నీరు వెనకభాగాన్ని మరింత దించుతుంది, దిగేకొద్దీ మరింత నీరు అటే చేరుతుంది. అందుకని 24 సెంటీమీటర్లలో సగం పడకముందే వెనకగోడ సంగతి ఆలోచించాలి.

పొడవునా జరిగేదే అడ్డంగానూ జరుగుతుంది. అక్కడ ఇంకా మోసం. బోటు నిటారుగా నిలబడేది ముఖ్యంగా దాని వెడల్పు వల్ల. ఒక పక్కకు వంగితే ఆ పక్క ఎక్కువగా మునిగి, తేలుడు బలం అటు జరిగి, బోటును తిరిగి లేపుతుంది. ఈ సంగతిని గణితంలోకి ఎక్కించింది ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగేర్, 1746లో వచ్చిన తన నౌకాశాస్త్ర గ్రంథంలో. ఆ లెక్కలో వెడల్పు ఘనం చేయబడి వస్తుంది. వెడల్పు రెట్టింపయితే నిలదొక్కుకునే శక్తి ఎనిమిదింతలు. లోపల నిలిచిన నీటికీ సరిగ్గా ఇదే సూత్రం వర్తిస్తుంది, తిరగేసి. బోటు వంగగానే నీరు వంగినవైపే పరుగెత్తి, లేపాల్సిన బలాన్ని తినేస్తుంది. ఎంత తింటుందన్నది ఆ నీటి పైభాగం వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. నీటిమట్టం దగ్గర బోటు వెడల్పు 1.7 మీటర్లు, లోపల నేల వెడల్పు 1.4 మీటర్లు అనుకుందాం. 1.4 ఘనాన్ని 1.7 ఘనంతో భాగిస్తే 0.56 వస్తుంది. నేల పొడవు కాస్త తక్కువే ఉంటుంది కాబట్టి దాన్నీ కలిపితే, వెడల్పు వల్ల వచ్చిన స్థిరత్వంలో దాదాపు సగం పోయినట్టు.

ఇక్కడ నీటి లోతు ఎక్కడా రాలేదు, గమనించారా? కొద్దిగా వంగినంతవరకు నేలంతా పరుచుకున్న నీళ్లు నాలుగు వేళ్ల లోతున్నా, జానెడున్నా నష్టం ఒకే తీరు. ‘పాదం మునిగేంతేగా’ అనుకుని బోటెక్కేవాళ్లు తప్పు కొలత కొలుస్తున్నారు.

పెద్ద ఓడలకూ ఇందులో మినహాయింపు లేదు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు దాటిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే బయల్దేరింది. కార్లు నిలిపే అంతస్తులో అడ్డుగోడలు లేవు. ఆ మైదానమంతా నీరు పరుచుకుని ఇటూ అటూ ఊగేసరికి నిమిషాల్లో ఓడ ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. ఒరగడం అంటే ఏమిటో హుస్సేన్‌సాగర్‌కు వేరే చెప్పాల్సిన పని లేదు. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న పంటు ఒరిగి, ప్రాణాలు పోయి, విగ్రహం అడుక్కి చేరింది. రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉండి 1992 డిసెంబరు 1న పీఠం ఎక్కింది. అది వాన వల్ల జరిగింది కాదు. కానీ తేలే వస్తువుకు ‘ఎంత బరువు’ అన్న ప్రశ్నతో పాటు ‘ఆ బరువు ఎక్కడుంది’ అన్న ప్రశ్న కూడా ప్రాణాంతకమేనని ఈ ఊరు అప్పుడే చూసింది.

మందు కూడా అదే సూత్రంలో దొరుకుతుంది. నేల మధ్యలో పొడవునా ఒక అడ్డుపలక బిగించి నీరు రెండు పాయలుగా నిలిచేట్టు చేస్తే, ఒక్కో పాయ వెడల్పు సగం, దాని ప్రభావం ఎనిమిదో వంతు. రెండు పాయలకు కలిపి నాలుగో వంతు. ఒక్క పలకతో నష్టం ముప్పాతిక భాగం తగ్గింది! నేల కింద ఫోమ్ నింపడం ఇంకో జాగ్రత్త. ఫైబర్ గ్లాసు నీటికన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. అయినా మూడు వందల కిలోల ఫైబర్ పెంకు నీట మునిగినప్పుడు తూగేది నూటపదిహేను కిలోల లోపే. ఇంజన్, బ్యాటరీ కలుపుకున్నా రెండు వందల లీటర్ల ఫోమ్ ఉంటే బోటు అంచులదాకా నిండి కూడా అడుక్కి పోదు. ఏళ్లు గడిచిన ఫోమ్ నీళ్లు పీల్చి తానే బరువవుతుందన్నది కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

హుస్సేన్‌సాగర్‌లో బోటు కట్టినవాళ్లకు పై నుంచి వచ్చే నీటితో పాటు కింద నుంచి లేచే నీటి బెడద కూడా ఉంది. 1562 ప్రాంతంలో కట్టిన ఈ చెరువులోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వచ్చి కలుస్తాయి. ఒకప్పుడు ఈ పరీవాహక ప్రాంతంలో వాన నేలలోకి ఇంకేది. ఇప్పుడు అమీర్‌పేట సందుల్లో సిమెంటు లేని జానెడు నేల వెతికినా దొరకదు. వాన కురిసిన కాసేపటికే నాలాలు పొంగి చెరువు లేస్తుంది. పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. అది దగ్గరపడుతుంటే అధికారులు తూముల వైపు చూస్తారు, బోటువాళ్లు తాళ్ల వైపు చూడాలి. కదలని జెట్టీకి పొట్టి తాడుతో బిగించి కట్టిన బోటు చెరువుతో పాటు లేవలేదు. తాడు ఒక అంచును కిందికే పట్టి ఉంచుతుంది, నీళ్లు ఆ అంచు మీదుగా వచ్చేస్తాయి. తాడు పొడుగ్గా, ఏటవాలుగా ఉండాలి. ముందు కొన గాలి వచ్చే దిక్కుకు తిరిగి ఉండాలి, లేకపోతే సాయంత్రపు ఉరుముల గాలికి లేచే అలలు వెనకగోడనే వెతుక్కుంటూ వస్తాయి.

టార్పాలిన్ కప్పితే సరిపోదా అంటారు. వాన వెలిశాక అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద ఒకసారి చూడండి. సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కుర్రాడు కర్రతో టార్పాలిన్‌ను కింద నుంచి పొడిచి, బిందెడు నీళ్లు ధబ్‌మని రోడ్డు మీదికి దొర్లిస్తుంటాడు. పట్టా ఎక్కడ సాగితే అక్కడ గుంట పడుతుంది, గుంటలో నీరు చేరితే పట్టా ఇంకా సాగుతుంది. చదరపు మీటరు గుంటలో పది సెంటీమీటర్ల నీరంటే వంద కిలోలు. బోటు మీదయితే ఆ వంద కిలోలు అడుగున కాకుండా నడుమెత్తున కూర్చుంటాయి, ఒరగడానికి అదే అన్నిటికన్నా చెడ్డచోటు. మధ్యలో ఒక నిలువు కర్ర పెట్టి పట్టాను పెంకుటింటి కప్పులా రెండువైపులా వాలుగా లాగి కట్టాలి. లేదంటే కప్పకపోవడమే మేలు.

ఇక పంపు. బోటు అడుగున బిగించే 12 వోల్టుల చిన్న బిల్జ్ పంపులు గంటకు 500 గ్యాలన్లు, అంటే దాదాపు 1,900 లీటర్లు తోడతాయని డబ్బా మీద ఉంటుంది. ఆ అంకె నీటిని పైకి ఎత్తాల్సిన పని లేనప్పటిది. మీటరెత్తు గొట్టం, రెండు మలుపులు, నీరసించిన బ్యాటరీ కలిస్తే గంటకు వెయ్యి లీటర్లు వస్తే గొప్ప. అయినా చాలు. గంటకు 100 మిల్లీమీటర్ల భయంకరమైన వానలో కూడా మన బోటులో చేరేది 800 లీటర్లే. బ్యాటరీ అయిపోతుందన్న భయమూ అంతగా అక్కర్లేదు. పంపు తాగే కరెంటు రెండు ఆంపియర్ల ప్రాంతం. రాత్రి వాన మొత్తం తోడడానికి రెండు గంటలనుకుంటే నాలుగు ఆంపియర్-అవర్లు. మామూలు కారు బ్యాటరీలో అది పదో వంతు.

మరి పంపు ఉన్న బోట్లు కూడా ఎందుకు మునుగుతాయి? ఒక గుట్కా ప్యాకెట్ చాలు. లేదా గట్టు మీది చెట్టు నుంచి రాలిన ఆకులు పంపు జల్లెడకు అతుక్కుంటాయి. పంపును ఆన్ చేసే తేలుడు స్విచ్ చెత్తలో ఇరుక్కుని పైనే ఉండిపోతే పంపు వట్టిగా తిరిగి తిరిగి బ్యాటరీని పీల్చేస్తుంది, కిందనే ఉండిపోతే అసలు తిరగదు. గొట్టం బయటి మూతి నీటికి మరీ దగ్గరగా ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. బోటు కుంగి మూతి మునిగిందంటే, ఆగిన పంపు గుండానే చెరువు నీరు సైఫన్‌లా లోపలికి మళ్లుతుంది. గొట్టాన్ని నీటిమట్టం కన్నా బాగా ఎత్తుకు మడిచి, పైన గాలి పీల్చే రంధ్రం ఉంచి దింపడం అందుకే. వానాకాలం ముందు డబ్బు ఖర్చు పెట్టాలనుకునేవాళ్లకు నా సలహా, పెద్ద పంపు కొనకుండా ఉన్న పంపు జల్లెడను బ్రష్షుతో తోమమని.

పొద్దున్నే వచ్చి చూస్తే బోటు నిండా నీళ్లున్నాయి. మొదటి తప్పు గబుక్కున అందులోకి దూకడం. డెబ్బై కిలోల మనిషి అంచు మీద కాలు పెట్టగానే టన్ను నీరు ఆ కాలి దగ్గరికి వస్తుంది. జెట్టీ మీదే కూర్చుని, బోటును తాళ్లతో దగ్గరికి లాగి, బకెట్‌తో తోడాలి. పది లీటర్ల బకెట్ నిమిషానికి పదిసార్లు ముంచగలిగితే పంపు రెండు గంటల పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, చేతులు పడిపోతే పోతాయి. నీరు సగానికి తగ్గాక నడుమన, కిందికి కూర్చుని మిగతాది చూసుకోవచ్చు. నిండిన బోటును ట్రైలర్ మీదికి అలాగే లాగితే ఇరుసు విరుగుతుంది. నీటిలోంచి పైకొస్తుండగానే వెనకగోడ అడుగునున్న బిరడా పీకేయాలి. అసలు గట్టు మీద ముందు కొన ఎత్తుగా పెట్టి, బిరడా తీసి ఉంచిన బోటుకు వాన ఒక సమస్యే కాదు. జూలైలో సాగర్‌లో మాన్‌సూన్ రెగట్టా పోటీలు జరిపే పడవ క్లబ్బుల తీరంలో చిన్న పడవలు ఒడ్డునే వరసగా ఉండేది ఊరికే కాదు.

ఆ బిరడాను నీళ్లలో కూడా తీయొచ్చు, బోటు వేగంగా పోతున్నప్పుడు మాత్రమే. వేగంలో వెనకగోడ కింద నీరు వెనక్కి చీలిపోయి ఒత్తిడి పడిపోతుంది, లోపలి నీరు తనంతట తానే బయటికి పోతుంది. ఆగితే తిరిగి లోపలికి వస్తుంది. సహాయక దళాల రబ్బరు బోట్లకు వెనక ఏనుగు తొండంలా వేలాడే గొట్టాలు చేసేది ఈ పనే. కానీ 2020 అక్టోబరులో టోలిచౌకి నదీం కాలనీలో తిరిగిన బోట్లలాంటివి వీధుల్లో వేగం పెంచలేవు. కింద కార్లు, మ్యాన్‌హోళ్లు, కరెంటు తీగలు ఉంటాయి, బోటు లేపే అల నేరుగా ఇళ్లలోకి పోతుంది. కాబట్టి అక్కడ తొండం పైకి కట్టేసి బకెట్‌తోనే తోడుకోవాలి. రబ్బరు బోటు గాలి అరల వల్ల మునగదు గానీ నీరు నిండితే తిప్పిన దిక్కుకు తిరగదు.

తోడడం అయ్యాక ఇంజన్. నేరుగా తాళం తిప్పకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున తిష్ఠ వేసి ఒక్క నిప్పురవ్వ కోసం చూస్తుంటుంది. మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వాలి. అడుగున మిగిలిన నీటి మీద రంగుల తెట్టు కనిపిస్తే దాన్ని ముందు గుడ్డతో అద్ది తీసి, ఆ తర్వాతే పంపు వేయాలి, చెరువు పాపం ఇప్పటికే చాలా మింగింది. ట్యాంకు మూత గుండా వాన నీరు దిగి ఉంటే అది పెట్రోలు అడుగున చేరుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, హద్దు దాటగానే ఇథనాలూ నీరూ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజన్‌కు పోయే గొట్టం పీల్చేది ఆ అడుగునుంచే. ఒక పారదర్శకమైన సీసాలోకి కొంచెం పెట్రోలు వంచి పది నిమిషాలు కదపకుండా ఉంచితే గీత పడిందో లేదో తెలిసిపోతుంది. పడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే.