బేసుబాలు ఆటలో బంతి విసరువాని శిక్ష

క్రికెట్టు మనకెల్లరకును తెలిసిన ఆట. దానికి దూరపు బంధువని చెప్పదగిన ఆట అమెరికా దేశమున కలదు. దాని పేరు బేసుబాలు. అచ్చటి కళాశాలల పోటీలలో అమలునందున్న ఒక దండన నియమమును ఇచ్చట వివరించుచున్నాము. శిక్షను నిర్ణయించునపుడు ఎంత ఆలోచింపవలెనో దానివలన తెలియును.

బేసుబాలులో బంతి విసరువానిని పిచ్చరందురు. అతడు బ్యాటు పట్టినవాని వైపునకు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతి విసరును. గంటకు 90 మైళ్ల వేగముతో వచ్చు బంతి అర సెకండు గడవకమునుపే చేరును. క్రికెట్టులోవలె నేలను తాకి లేవదు, నేరుగా వచ్చును. 1920 ఆగస్టు 16వ తేదీన న్యూయార్కు నగరమున రే చాప్‌మన్ అను వృత్తి ఆటగాని తలకు బంతి తగులగా, మరునాడే అతడు మరణించెను. ఇట్టి బంతిని కావలెనని మనిషిపై విసరుట ఎంతటి దోషమో వేరుగ చెప్పనక్కరలేదు.

పిచ్చరు బుద్ధిపూర్వకముగా బ్యాటు పట్టినవానికి గురిపెట్టెనని అంపైరు నిశ్చయించినచో, వానిని తక్షణమే ఆటనుండి వెడలగొట్టును. అంతటితో తీరదు, తరువాతి నాలుగు పోటీలలో అతడు ఆడరాదు. ఇతర ఆటగాండ్రకు కొన్ని తప్పులకు ఒక్క పోటీ నిషేధమే విధింపబడును. 2022 జూనులో టెన్నెసీ విశ్వవిద్యాలయపు ఫీల్డరొకడు అంపైరుపై నోరు జారి వెడలగొట్టబడి, తరువాతి ఒక్క పోటీకి మాత్రమే దూరమయ్యెను.

పిచ్చరుకు నాలుగు పోటీలేల? తప్పు పెద్దదగుట ఒక కారణము. రెండవ కారణము లెక్కకు సంబంధించినది. ఆట ప్రారంభించు పిచ్చరు, భుజమునకు విశ్రాంతి కావలసియుండుటచే, సాధారణముగా వారమునకు ఒక్కమారే ఆడును. పోటీలు శుక్ర, శని, ఆదివారములందు మూడును, వారము నడుమ ఒకటియు జరుగుట వాడుక. శుక్రవారమున తప్పు చేసినవానికి ఒక్క పోటీ నిషేధము విధించితిమనుకొనుడు. శనివారము అతడెటులైనను కూర్చుండువాడే! అది శిక్ష కాదు, సెలవు. నాలుగు పోటీలైనచో శని, ఆదివారములును, వారము నడిమి పోటీయు గడచి, మరుసటి శుక్రవారపు వంతు పోవును. అప్పుడే శిక్ష అతనిని తాకును. అయితే నడుమ నడుమ వచ్చి వారమున రెండు మూడుమార్లు విసరు పిచ్చరునకు ఇదే శిక్ష మరింత బరువగును. కావున ఈ కొలతయు అందరికి సరిసమానము కాదు.

ఘోరమగు తప్పునకు నాలుగు పోటీలును చాలవు. 1999లో విచిటా స్టేట్ విశ్వవిద్యాలయపు పిచ్చరొకడు, ఇంకను తన వంతు రాక వేచియున్న ఎవాన్స్‌విల్ ఆటగానిపై బంతి విసరెను. అతని కన్ను దెబ్బతినెను. పోటీల సంఘమువారు ఆ పిచ్చరును ఆ యేటి తక్కిన పోటీలన్నిటినుండి నిషేధించిరి. గాయపడినవాని చూపు మాత్రము ఏ శిక్షవలనను పూర్వమువలె కాలేదు.

తల్లిదండ్రులును, ఉపాధ్యాయులమగు మేమును దీనినుండి గ్రహింపవలసినది కలదు. ఇరువురు పిల్లలకు ఒకే శిక్ష విధించినంతమాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. ఆటయనిన ప్రాణమిచ్చు బాలునికి ఒక సాయంకాలము ఆట మాన్పించుటయు, ఆటకే రాని బాలునికి మాన్పించుటయు ఒకటియగునా? శిక్ష ఎవనిని ఎంత తాకునో తెలిసి విధించుటయే న్యాయము.