మార్వాడీ భాష – దాని చుట్టములు

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు పేరొందిన పట్టణము. ఆ పల్నాటి సీమలో సుగాలీ తండాలు పెక్కు గలవు. తండావాసులు ఊరివారితో తెలుగున మాటాడుదురు. ఇంట మాత్రము గోర్ బోలి యను తమ లంబాడీ భాషనే పలుకుదురు. దాని పుట్టుక తెలుగు నుండి కాదు. దాని చుట్టములను వెదుకవలెనన్న రాజస్థానమునకు పోవలయును.

రాజస్థానమున జోధపూరు ప్రాంతమునకు మార్వాడు అని పేరు. అచటి భాష మార్వాడీ. 2011 జనాభా లెక్కలలో సుమారు 78 లక్షల మంది దీనిని మాతృభాషగా చెప్పిరి. షెఖావాటీ, బికనేరీ, గోడ్‌వాడీ, థళీ మున్నగునవి దీని మాండలికములు. మేవాడీని కూడ కొందరు వీనిలో చేర్చుదురు. ప్రామాణిక హిందీలో లేని 'ళ'కారము మార్వాడీలో తెలుగునందువలెనే వినబడును.

వర్తకమునకై దేశమంతట వ్యాపించిన మార్వాడీలు హైదరాబాదు బేగంబజారులోను స్థిరపడిరి. వారి పూర్వపు లెక్కల పుస్తకములు మహాజనీ లిపిలో నుండెడివి. ఆ లిపిలో అచ్చుల గుర్తులను తరచుగా విడిచివేయుదురు. అందుచే ఒక జాబులోని "అజ్మేర్ గయే" అను మాటను "ఆజ్ మర్ గయే", అనగా "నేడు చనిపోయిరి" అని చదువుకొని ఇంటివారెల్లరు ఏడ్చిరని ఒక హాస్యకథ కలదు.

"నీ పేరేమి?" అనుటకు మార్వాడీలో "థారో నామ్ కాఁయీ?" అందురు. లంబాడీలో "తారో నామ్ కాయీ?" అందురు. ఈ పోలికలను బట్టియే భాషావేత్తలు రెంటిని రాజస్థానీ వర్గమున చేర్చిరి. 17వ శతాబ్దమున బంజారాలు ఎడ్లపై ధాన్యమును మోయుచు మొగలు సైన్యముల వెంట దక్కనునకు వచ్చిరి. రైళ్లు వచ్చిన పిమ్మట ఆ రవాణా క్షీణించినది. పలువురు తండాలలో నిలిచి సేద్యము చేపట్టిరి. వృత్తి మారినను పలుకు మారలేదు.

లంబాడీకి తనదైన ప్రాచీన లిపి లేదు. మన రాష్ట్రమున దానిని తెలుగు లిపిలో వ్రాయుదురు. బడిలో తొలినాడు తెలుగు మాత్రమే వినిన తండా బాలునకు, పాఠముకంటె ముందు భాషయే కష్టమగును. ఈ చిక్కు తీర్చుటకై 2004 ప్రాంతమున ప్రభుత్వము లంబాడీతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన నారంభించెను.

కావున తోడి విద్యార్థి ఇంటి పలుకు విని నవ్వరాదు. అది శతాబ్దముల పాటు ఎడ్లబాటల వెంట నడచి మన పొరుగునకు వచ్చిన భాష. దాని నిలుకడకు పుస్తకములొక్కటే చాలవు. ఇంట తల్లి పలికిన మాటకు బిడ్డ ఆ భాషలోనే బదులీయవలెను.