తలుపు సందులు: వడగాలిని, దుమ్మును తక్కువ ఖర్చుతో ఆపడం

చలి దేశాల్లో తలుపు సందులను మూసేది చలిగాలి రాకుండా. పల్నాడులో అదే పని ఎండాకాలం కోసం చేయాలి. ఎండల వార్తల్లో రెంటచింతల పేరు ఏటా వింటూనే ఉంటాం. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో వడగాలితోపాటు దుమ్మూ లోపలికి వస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల చుట్టుపక్కల అయితే తెల్లటి పొడి. తేళ్లు, జెర్రులు దూరేదీ తలుపు కింది సందులోంచే.

పాత ఇళ్లకు ఎత్తైన గడప ఉండేది. తలుపు దానికి ఆనుకునేది కాబట్టి కింద సందు ఉండేది కాదు. ఇప్పుడు లోపలి గదులకు చాలామంది గడప లేని మూడు వైపుల ద్వారబంధం పెట్టిస్తున్నారు. సమస్య అక్కడే మొదలవుతుంది.

ఒక లెక్క చూద్దాం. 90 సెం.మీ. వెడల్పున్న తలుపు కింద 1 సెం.మీ. సందు ఉంటే దాని వైశాల్యం 90 చదరపు సెం.మీ. అందులోంచి గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తే గంటకు సుమారు 32 ఘనపు మీటర్లు లోపలికి చేరుతుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి దాదాపు అంతే. అయితే బయట 8 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకున్నా, ఈ గాలి మోసుకొచ్చే వేడి 80 వాట్లకు మించదు. అదే గది శ్లాబు మీద నడిమధ్యాహ్నం పడే ఎండ పది వేల వాట్లకు దగ్గరగా ఉంటుంది. అందులో కొద్ది భాగం లోపలికి దిగినా తలుపు సందు దాని ముందు చాలదు. అందువల్ల చేతిలో ఉన్న డబ్బు కొంచెమే అయితే ముందు శ్లాబు మీద సున్నం కొట్టించాలి. తలుపు పని దుమ్ము కోసం, పురుగూ పుట్రా రాకుండా, ముఖాన కొట్టే సెగ కోసం.

సందు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఫ్యాను ఆపి, వెలిగించిన అగరుబత్తిని తలుపు అంచుల వెంట నెమ్మదిగా జరపండి. పొగ వంగిన చోట గాలి వస్తున్నట్టు. దగ్గరలో కర్టెన్లు లేకుండా చూసుకోండి.

మన ఇళ్లలో నాపరాళ్ల నేల చాలాచోట్ల ఎగుడుదిగుడుగా ఉంటుంది. తలుపు కింద చెక్క బద్ద కొడితే ఒకచోట రాసుకుంటుంది, ఇంకోచోట ఖాళీ మిగులుతుంది. పంక్చరు షాపులో దొరికే పాత ట్యూబును నాలుగు వేళ్ల వెడల్పు పట్టీగా కోసి, తలుపు లోపలి వైపు అడుగున సన్నని బద్ద పెట్టి మేకులతో బిగిస్తే, అది నేల వాలును బట్టి వంగుతుంది. పట్టీ అంచు నేలకు తగిలీ తగలనట్టు ఉండాలి. అద్దె ఇల్లయితే మేకులు వద్దు. పాత చీరను సంచిలా కుట్టి ఇసుకో ఊకో నింపి తలుపు మొదట్లో వేస్తే సరిపోతుంది. ద్వారబంధానికీ గోడకూ మధ్య బీటలుంటే సిమెంటు ఇసుకతో పూడ్చాలి. వానాకాలంలో తలుపు బిగుసుకుందని వెంటనే చిత్రిక పట్టించకండి. చెక్క ఎండలకు కుంచించుకుపోతుంది; అప్పుడు తీసిన మందమే వేసవిలో సందు అవుతుంది.

కొన్ని గదుల్లో ఈ పని చేయకూడదు. కట్టెలు, బొగ్గులు కాల్చే చోట సందులన్నీ మూస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది; దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి వంటగది తలుపు కింది సందు మూయవద్దు. నీళ్ల కూలరు పెట్టిన గదికీ గాలి బయటికి పోయే దారి కావాలి, లేకపోతే ఉక్కపోత పెరుగుతుంది. ఏసీ గదికి మాత్రం సందులు మూయడమే లాభం. ఎలాంటి గది అయినా, బయట చల్లబడ్డాక తలుపులు, కిటికీలు తెరవాలి. పగలంతా కాగిన శ్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకే వదులుతుంది.

అభ్యాసం: మీ ఇంట్లో ఒక తలుపు కింది సందు పొడవు, ఎత్తు కొలిచి వైశాల్యం కట్టండి. ఆ గదిలో పొయ్యి, కూలరు, ఏసీలలో ఏది ఉందో రాసి, సందు మూయాలో వద్దో కారణంతో చెప్పండి.