విత్తడానికి ముందు: కలుపు పట్టిన పెరటిని సాగుకు తెచ్చుట

ఇంటి వెనుక రెండు సెంట్ల స్థలము ఖాళీగా ఉంటే, వానలు పడగానే నాలుగు కూరపాదులు పెట్టుకుందామని ఏ ఇంటివారికైనా ఆశ పుడుతుంది. మేము కూడా ఒక సంవత్సరము అలాగే ఆశపడ్డాము. తుంగ, గరిక అల్లుకున్న నేలను ట్రాక్టరు రోటవేటరుతో రెండుసార్లు తిప్పించి, మరుసటి రోజే బెండ, గోంగూర గింజలు వేశాము. నేల పిండిలా ఉన్నది, చూస్తే ముచ్చట వేసింది. పది రోజులకు బెండ మొలకకంటె తుంగ మొలక ఎత్తుగా లేచింది. మునుపటికంటె ఒత్తుగా కూడ. నా భార్య నెల రోజులు వంగి పీకి పీకి, చివరకు నడుము నొప్పితో వదిలివేసింది. ఆ ఏడు కూరలన్నీ సంతలోనే కొన్నాము.

తప్పు మాదే. తుంగ ముఖ్యముగా గడ్డల ద్వారా వ్యాపిస్తుంది. ఆ గడ్డలు నేలలో సన్నని వేళ్లతో గొలుసువలె కలిసి ఉంటాయి. ఒక గడ్డ మొలిచి ఉన్నంత కాలము దాని వెనుకవి చాలావరకు నిద్రపోతుంటాయి. గొలుసు తెగిన యెడల ప్రతి గడ్డ వేరుగా మొలుస్తుంది. గరికైతే కణుపు ఉన్న ముక్క చాలు, వేరు దించుకుంటుంది. డబ్బు ఇచ్చి మరీ ఒక మొక్కను పది చేయించుకున్నామన్నమాట!

గనుక ఇటువంటి నేలకు పని ఏప్రిల్, మే నెలల్లోనే మొదలుపెట్టాలి. నేల పొడిగా ఉన్నప్పుడే గడ్డపారతో జానెడు లోతు త్రవ్వి, పెళ్లలు చితకకుండా తిరగవేయాలి. రెండు వారాల మండుటెండకు పైకి వచ్చిన గడ్డలు చాలా ఎండి చస్తాయి. తరువాత పెళ్లలు కొట్టి, మిగిలిన గడ్డలు, గరిక వేళ్లు చేతితో ఏరివేయాలి. వాటిని పెంటకుప్పలో వేయవద్దు, ఎరువుతో పాటు మళ్లీ పెరటికే వస్తాయి. పచ్చి పేడ కూడ అంతే. పశువు తిన్న కలుపు గింజలు కొన్ని చావకుండా అందులో ఉంటాయి. బాగా మాగిన ఎరువే వాడాలి.

తొలి వాన పడగానే చేయి దురద పెడుతుంది, కాని విత్తకూడదు. కలుపును మొలవనివ్వాలి. మొలిచిన తరువాత తొలికతో పైపైన, రెండు అంగుళాలకు మించకుండా చెక్కాలి. లోతుగా త్రవ్వితే అడుగున ఉన్న గింజలు పైకి వస్తాయి. పదిహేను రోజులకు మరొకసారి ఇలాగే చేయాలి. తుంగ మొలిచిన కొద్ది వారాలకే కొత్త గడ్డలు పెట్టడము మొదలుపెడుతుంది గనుక ఈ గడువు దాటనివ్వరాదు. ఇరుగుపొరుగువారు విత్తుకుంటుంటే మనము గడ్డి పెంచుతున్నట్లు కనబడుతుంది. నవ్వేవారు నవ్వుతారు.

వయ్యారిభామ సంగతి వేరు. 1950ల దశకములో పుణెలో గుర్తించిన ఈ మొక్క ఇప్పుడు మన ప్రతి గట్టు మీద ఉన్నది. ఒక్కొక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది గనుక పూతకు ముందే వేళ్లతో పీకాలి. ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు, పుప్పొడి వలన ఆయాసము వస్తాయి. చేతులకు సంచులు తొడుక్కోండి, పిల్లలకు ఈ పని చెప్పవద్దు.

తుంగకు నీడ గిట్టదు. అందుకే మొదటి ఏడు గుమ్మడి, అలసంద వంటి నేలను కప్పే పంటలు వేయడము మేలు. కొత్తిమీర, మెంతికూర రెండవ ఏటికి ఉంచండి. ఆ సన్నని మొలకల మధ్య కలుపు తీయడము ఎంత కష్టమో మా ఇంట్లో అడిగితే చెబుతారు.