ఉన్నది ముందు రాద్దాం

మా గద్వాల క్రైస్తవ సంఘంలో లెక్కలు నేనే చూస్తాను. కమిటీ కూర్చోగానే వినపడే మొదటి మాట, "డబ్బుల్లేవు". మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ కాలంలో మా వైపు బడికీ ఆస్పత్రికీ సొమ్ము అమెరికా నుంచి వచ్చేది. బయటి చెయ్యి కోసం చూసే అలవాటు అప్పటిదేనని నా నమ్మకం.

దోర్నకల్‌లో అజరయ్యగారు వేరే దారి పట్టారు. 1912లో ఆంగ్లికన్ సభకు తొలి భారతీయ బిషప్ ఆయన. సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. పేదలు కదా అని వాళ్లను కానుకల నుంచి తప్పించలేదు. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది; పోగైనవి గుడికి చేరేవి. కానుకల మీద ఆయన పుస్తకమే రాశారు. ఇస్తే పదింతలొస్తుందని ఆశపెట్టే బోధ కాదది. ఆ బోధను నేనొప్పుకోను.

ఆయన దారి చూసి, ఇప్పుడు మేం కమిటీలో ముందుగా మా దగ్గర ఉన్నవి రాస్తున్నాం: కోత పండుగకొచ్చే వేరుశనగ బస్తాలు, మగ్గం పని తెలిసినవాళ్లు, సాయంత్రాలు ఖాళీగా ఉండే హాలు, రిటైరైన లెక్కల టీచరమ్మ. పైకప్పు మరమ్మతుకు డబ్బు కావాల్సిందే, అదీ రాశాం. టీచరమ్మను అడిగితే, "ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు కదయ్యా" అంది. పదో తరగతి పిల్లలకు హాల్లో ఆమె పాఠాలు మొదలయ్యాయి.