అమ్మమ్మకి నచ్చని సంబంధం

మేనరికాలు మనకే సొంతమనుకుంటాం గానీ, యూరప్ రాజవంశాల వరసలు చూస్తే మన పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా తల పట్టుకోవాల్సిందే. నేనైతే కాగితం, పెన్సిలు పుచ్చుకుని కూర్చుంటే గానీ ఎవరికి ఎవరేమవుతారో తేల్చుకోలేకపోయాను.

రష్యా చివరి మహారాణి అలెగ్జాండ్రా సంగతే చూడండి. 1872లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పుట్టింది. పుట్టింట్లో అలిక్స్ అనేవారు. ఆరేళ్ళకే తల్లి పోయింది. అప్పట్నించీ ఆ పిల్ల మంచిచెడ్డలు చూసింది అమ్మమ్మే. ఆ అమ్మమ్మ ఎవరో కాదు, విక్టోరియా మహారాణి! మనవరాలిని తన పెద్దకొడుకు కొడుక్కి, అంటే అచ్చంగా మేనమామ కొడుక్కి చేసుకోవాలని ఆవిడ ముచ్చటపడింది. పిల్ల ససేమిరా అంది. మనసంతా రష్యా యువరాజు నికొలస్ మీదుంది మరి. రష్యా అంటేనే అమ్మమ్మకి భయం. పైగా మతం మారాలి. ఆ ఒక్క విషయం దగ్గరే అలిక్స్ ఏళ్ళ తరబడి తటపటాయించి, చివరికి 1894 ఏప్రిల్‌లో అన్న పెళ్ళిలో సరేనంది. (ఆ అన్న కట్టుకున్నదీ మేనమామ కూతుర్నే!)

ఆ నవంబరులోనే నికొలస్ తండ్రి చనిపోయాడు. అంత్యక్రియలైన వారానికే పెళ్ళి. శవపేటిక వెనకాల వచ్చిన కోడలు అన్నారు జనం. వేళావిశేషం అని ఆడిపోసుకోవడం అక్కడా ఉందన్నమాట.

అత్తగారు మరియా డెన్మార్క్ ఆడపడుచు. ముందు ఈవిడకి నిశ్చయమైంది నికొలస్ పెదనాన్నతో. అతను 1865లో పోతే, మరుసటేడు తమ్ముడికిచ్చి చేశారు. రష్యా దర్బారు పద్ధతి ప్రకారం రాజుగారి భార్య కన్నా తల్లిదే ముందు స్థానం. ఉత్సవాల్లో కొడుకు చెయ్యి పట్టుకుని అత్తగారు ముందు నడిస్తే, కోడలు వెనక నడిచేది. ఇక ఇద్దరికీ పొసగలేదంటే వింతేముంది?

వరసగా నలుగురు ఆడపిల్లలయ్యాక 1904లో కొడుకు పుట్టాడు. ఆ ఆనందం ఎన్నాళ్ళో నిలవలేదు. పిల్లాడికి హీమోఫిలియా. దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగదు. ఈ జబ్బు ఆడవాళ్ళ ద్వారా వచ్చి ఎక్కువగా మగపిల్లల్ని పట్టుకుంటుంది. విక్టోరియా నించి కూతురికి, ఆవిడ నించి అలిక్స్‌కి వచ్చింది. అలిక్స్ సొంత అన్నా, ఓ మేనమామా దీనికే బలయ్యారు. ఆ తల్లి రాస్‌పుతిన్‌ని ఎందుకు నమ్మిందని లోకం తిట్టింది గానీ, బిడ్డ నొప్పితో అరుస్తుంటే ఏ తల్లి మాత్రం ఎవరి కాళ్ళు పట్టుకోదు చెప్పండి?

1917లో విప్లవం వచ్చి సింహాసనం పోయింది. అప్పటి బ్రిటన్ రాజు అయిదో జార్జి నికొలస్‌కి సొంత పెద్దమ్మ కొడుకు. ఇద్దరూ కవలల్లా ఉండేవారు. ముందు ఆశ్రయమిస్తామన్న బ్రిటన్, జార్జి జంకడంతో వెనక్కి తగ్గింది. 1918 జులైలో కుటుంబం మొత్తాన్నీ కాల్చి చంపారు. 1919లో అదే జార్జి పిన్ని కోసం మాత్రం యుద్ధనౌక పంపాడు. ప్రాణాలతో బయటపడ్డ మరియా కొడుకు బతికే ఉన్నాడని నమ్ముతూ 1928లో కన్నుమూసింది.

తర్వాత 1991లో ఎముకలు తవ్వితీశారు. ఎవరివని తేల్చడానికి ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ రక్తమిచ్చాడు. ఆయన అలిక్స్ అక్కకి మనవడు, కూతురి కొడుకు. తల్లి వైపు నించి వచ్చే డిఎన్‌ఎ సరిపోయింది. 1998లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వాళ్ళని ఖననం చేశారు. 2006లో మరియాని కూడా డెన్మార్క్ నించి అదే చర్చికి తీసుకొచ్చి, భర్త పక్కన ఉంచారు.