పరిచర్యా పరిశోధనలో ఎవరి మాట లెక్కకు వచ్చును?

మన పాఠశాలలో చదువు ముగించి నర్సు వృత్తి నవలంబింపగోరు బాలికలు ఏటేట కొందరుందురు. ఆ చదువున సూది వేయుటయు, కట్టు కట్టుటయు, జ్వరము చూచి పట్టికలో వ్రాయుటయు నేర్పుదురని తలిదండ్రు లెరుగుదురు. పై తరగతులకు పోయినకొలది పరిశోధన యను మరియొక భాగము వచ్చును. ఎం.ఎస్‌సి. నర్సింగు విద్యార్థిని యొక విషయమును స్వయముగా పరిశోధించి సిద్ధాంత వ్యాసము సమర్పింపవలెను. అట్టి యొక విద్యార్థిని తండ్రిగారు, తమ కుమార్తె పుస్తకములలో "స్త్రీవాదము", "విమర్శాత్మక సామాజిక సిద్ధాంతము" అను శీర్షికలను చూచి, రోగికి మందిచ్చుటకు ఈ రాజకీయములేల యని నన్నడిగిరి. అది యడుగదగిన ప్రశ్నయే.

పరిశోధన యనగానే మనకు తోచునది లెక్క. ఏ కట్టుతో పుండు త్వరగా మానునో నూరుమందిని చూచి చెప్పవచ్చును. క్రిమియా యుద్ధమున సైనికులలో గాయములచేత గాక వ్యాధులచేత మరణించినవారే యధికులని ఫ్లారెన్స్ నైటింగేలు 1858లో పటములు గీచి చూపినదియు లెక్కల బలము చేతనే. దానితో ఎవ్వరికిని తగవు లేదు. కాని లెక్కకు ముందొక ప్రశ్న యుండును. ఆ ప్రశ్నను ఎవరో యొకరు వేయుదురు. వేసినవాడు సంఘమునకు వెలుపల నిలిచినవాడు కాడనియు, ఉన్న యేర్పాటును వివరించుటతో తృప్తి చెందక, దానివలన నణగియున్నవారి విడుదలకు తోడ్పడునట్టి జ్ఞానము వేరుగా నున్నదనియు జర్మను తత్త్వవేత్త మాక్స్ హోర్క్‌హైమరు 1937లో వాదించిరి. స్త్రీ తన బ్రతుకునుగూర్చి తాను చెప్పు మాటయు జ్ఞానమే యని స్త్రీవాదులు దానికి జోడించిరి.

ఈ యాలోచనలు నర్సులకు వెంటనే యంటుకొనుటకు కారణమున్నది. 1967లో లియొనార్డ్ స్టెయిన్ అను అమెరికా మనోవైద్యుడు "డాక్టరు-నర్సు ఆట" యని యొక వ్యాసము వ్రాసెను. రోగికి ఏమి కావలెనో నర్సునకు తెలియును. కాని యామె దానిని సూటిగా చెప్పరాదు. ఆ తలంపు డాక్టరుగారికే కలిగినట్లు తోపించి చెప్పవలెను. అత్తగారి యెదుట మన కోడండ్రు చిరకాలముగా నభ్యసించిన విద్యయే యిది.

ఈ మార్గమున జరిగిన పనులలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది జాక్వెలిన్ కాంప్‌బెల్ అను అమెరికా నర్సు కృషి. ఓహియో రాష్ట్రమందలి డేటన్ నగరమున హతులైన స్త్రీలనుగూర్చిన పోలీసు రికార్డులను పరిశీలించి ఆమె 1981లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ స్త్రీలను చంపినవారిలో పెక్కురు దారిన పోవు దొంగలు కారు. భర్తలు, ప్రియులు, ఎరిగినవారు. భర్త కొట్టుటకు కారణమైన లోపము భార్య మనస్సులో ఏదియో యుండునని వెదకిన వైద్యులు ఆ కాలమున లేకపోలేదు. ఈమె యా ప్రశ్నను విడిచి, ఆమె ప్రాణమునకు ముప్పెంత యున్నదని యడిగిరి.

అందుకై 1985లో "డేంజర్ అసెస్‌మెంట్" అను ప్రశ్నావళి పుట్టినది. దెబ్బలు తిన్న స్త్రీలను, శరణాలయములలో పనిచేయువారిని, పోలీసువారిని సంప్రదించి దానిని కూర్చిరి. మొదట స్త్రీ చేతికొక క్యాలెండరు నిత్తురు. గడచిన సంవత్సరమున ఏ యే దినములందు దెబ్బలు తగిలినవో, అవి యెంతటివో ఆమెయే గుర్తు పెట్టవలెను. పిమ్మట ప్రశ్నలు: ఇంట తుపాకి యున్నదా? గొంతు నులిమెనా? చంపెదనని బెదిరించెనా? తరువాత సవరించిన రూపమున ప్రశ్నలు 20.

క్యాలెండరు నింపకముందు, హింస పెరుగుట లేదని చెప్పినవారిలో నూటికి 38 మంది దానిని నింపిన పిదప పెరుగుచున్నదని సమాధానము మార్చుకొనిరి. వారు మొదట అబద్ధమాడలేదు. దెబ్బకును దెబ్బకును నడుమ వంటయు, పిల్లల చదువును, పండుగలును గడచిపోవును. అన్నిటిని ఒక్క కాగితముమీద చూచు అవకాశము వారికెన్నడును దొరకలేదు. అట్లు ఆ స్త్రీ పరిశోధకురాలికి సమాచార మిచ్చుటయే గాక, తన స్థితిని తాను తెలిసికొనెను. విమర్శాత్మక సిద్ధాంతమని పెద్ద పేరు పెట్టినది ఈ చిన్న క్యాలెండరులో నున్నది. లెక్కలను వీరు త్రోసిపుచ్చిరనుకొనరాదు. 2003లో కాంప్‌బెల్ బృందము 11 అమెరికా నగరముల వివరములను పోల్చి, పురుషునికి తుపాకి యందుబాటులో నుండుట హత్యాభయమును మిక్కిలి పెంచునని అంకెలతోనే చూపినది.

దీనిలో నొక చిక్కు లేకపోలేదు. ఎదుటి స్త్రీ పీడితురాలే యని ముందుగా నిశ్చయించుకొని పోయిన పరిశోధకురాలు ఆమె మాట వినదు. తన పుస్తకమునే వినును. అట్టి వ్యాసములును నేను చదివితిని.

న్యూజీలాండున మావోరీ నర్సు ఇరిహాపెటి రామ్స్‌డెన్ ఇదే ప్రశ్నను జాతి, సంస్కృతుల విషయమున వేసిరి. పరిచర్య తనకు క్షేమకరముగా నుండెనా లేదా యని నిర్ణయింపవలసినది దానిని పొందినవారే యని యామె వాదము. 1992లో ఆ దేశపు నర్సింగు కౌన్సిలు దీనిపై మార్గదర్శక సూత్రములు వెలువరించెను.

ఇది మనకు దూరపు మాట కాదు. "ఈ భాష చదువ వ్రాయ వచ్చినవారిని మాత్రమే చేర్చుకొంటిమి" అను నియమము పరిశోధన పత్రములలో తరచుగా కనబడును. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురములోనో ఇంట తెలుగే పలుకుచు, బడి మొగమెరుగని ముసలమ్మ ఆ వాక్యముతోనే లెక్కనుండి జారిపోవును. చేర్చుకొన్నను దుబాసీ యెవరు? పక్కన భర్తయో, అత్తగారో, ఐదవ తరగతి చదువు మనుమడో నిలిచి మాట మార్చి చెప్పుచుండగా, ఏ స్త్రీయు ఆ క్యాలెండరుమీద నిజమైన గుర్తు పెట్టజాలదు. రెండు భాషలెరిగిన నర్సు మాత్రము వారిని బయటికి పంపి తలుపు వేసి యడుగగలదు.

ఆ తండ్రిగారు ఇదంతయు విని, మా అమ్మాయి ప్రశ్నావళిని ఏ భాషలో వ్రాయవలెనని యడిగిరి. రెండింటను వ్రాయుమంటిని, తెలుగు ప్రతిని ముందుగా తన నాయనమ్మకు చదివి వినిపించి, ఆమెకు తెలియని మాటలను కొట్టివేయుమంటిని.